ఎలుగు, జింకల వేట: ఖమ్మం–భద్రాచలం సరిహద్దు అడవులు

గోదావరికి ఇరుగట్లా పరుచుకున్న ఖమ్మం, పాల్వంచ, భద్రాచలం అడవుల్లో ఎలుగుబంటినీ జింక జాతులనూ వేటాడిన తీరు, అందుకు వాడిన ఆయుధాలు, ఆ వేటను అదుపు చేసి చివరకు నిషేధించిన చట్టాలు ఈ వ్యాస విషయం. ఇక్కడి వేట మూడు రకాలు. కోయలు, కొండరెడ్లు ఊరంతా కలిసి చేసే వేట వీటిలో అన్నిటికన్నా పాతది. దొరలు, జమీందారులు, వారి అతిథులు రైఫిలుతో వినోదానికి చేసినది షికారు. లైసెన్సుకు, చట్టానికి వెలుపల మాంసం కోసమో అమ్మకం కోసమో చేసేది దొంగ వేట. షికారు గురించి పుస్తకాల్లో ఎక్కువ కనిపించినా, అడవి మీద ఎక్కువ కాలం నడిచింది మొదటిది, ఎక్కువ నష్టం చేసింది మూడోది. నేడు భారతదేశంలో ఈ జంతువుల వేట ఏ రూపంలోనైనా నేరం.

ప్రాంతం, సరిహద్దులు

ఇక్కడి అడవి ఎక్కువ భాగం ఆకురాల్చే రకం. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు ప్రధానం. పాల్వంచ వైపు నుంచి కిన్నెరసాని వచ్చి బూర్గంపహాడ్ దగ్గర గోదావరిలో కలుస్తుంది. చర్ల వైపు తాలిపేరు, కూనవరం దగ్గర శబరి కలుస్తాయి. కూనవరం దాటాక నది పాపికొండల మధ్య ఇరుకవుతుంది. ఉత్తరాన అడవి తెగకుండా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలోకి సాగుతుంది.

వేట చరిత్రకు ఇక్కడి సరిహద్దులే కీలకం. 1860లో నిజాం నుంచి భద్రాచలం ప్రాంతం బ్రిటిష్ పాలనలోకి వెళ్లింది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకు మారింది. కుడిగట్టున ఉన్న పాల్వంచ, బూర్గంపహాడ్ మాత్రం 1948 దాకా నిజాం రాజ్యంలోనే ఉన్నాయి. అంటే పడవ ఎక్కి ఏరు దాటితే అటవీ చట్టం, తుపాకి లైసెన్సు, వేట నిబంధన అన్నీ మారిపోయేవి. 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా ఏర్పరిచారు. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం, నూగూరు తాలూకాలు అందులో కలిశాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. జింక మందకు ఈ గీతలేవీ తెలియవు. కాపలా కాసేవారికి మాత్రం రాష్ట్రం మారిన ప్రతిచోటా అధికార పరిధి మారుతుంది. (చూ. పోలవరం ముంపు మండలాలు)

వేట జంతువులు

ఎలుగుబంటి: ఇక్కడ ఉన్నది ఒకే జాతి, శాస్త్రనామం మెలర్సస్ అర్సైనస్. మగది 80 నుంచి 145 కిలోలు, ఆడది 55 నుంచి 95 కిలోలు తూగుతుంది. నల్లటి జూలు, ఛాతీ మీద తెల్లని వంపు గుర్తు, ముందు కాళ్లకు పొడవాటి వంకర గోళ్లు ఉంటాయి. దీని శరీరం చెదల కోసమే మలిచినట్టు ఉంటుంది. గోళ్లతో పుట్ట తవ్వి, మట్టిని ఊదేసి, పెదవులు ముందుకు సాచి చెదలను లాగేస్తుంది. పై దవడలో నడిమి రెండు కత్తెర పళ్లు ఉండవు కాబట్టి ఆ సందు గుండా పీల్చడం సులువు. దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. ఈ పీల్చే చప్పుడు రాత్రి వేళ వంద మీటర్ల అవతలికీ వినిపిస్తుంది. వేసవిలో ఇప్పపూలు, తునికిపళ్లు, తేనె దీని తిండి. శీతాకాలపు నిద్ర దీనికి లేదు. తల్లి పిల్లలను వీపున మోసుకుని తిరుగుతుంది. చూపు మందం, వినికిడి అంతంతమాత్రం, వాసన మాత్రం గట్టిగా పసిగడుతుంది. దగ్గరికి వచ్చేదాకా మనిషిని గమనించక, గమనించిన క్షణాన పారిపోవడానికి బదులు మీద పడటం దీని స్వభావం. తల, ముఖం మీద గాయాలు ఎక్కువగా కావడానికి కారణం ఇదే.

చుక్కల దుప్పి: మందలుగా పచ్చిక బయళ్ల అంచున తిరుగుతుంది. మగదానికే కొమ్ములు. అవి ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి.

కణుజు: సాంబర్ అని కూడా అంటారు. దేశంలోని జింకల్లో పెద్దది. బలిసిన మగది 200 కిలోలు దాటుతుంది. గుట్టల వాలుల్లో ఒంటరిగానో చిన్న గుంపుగానో ఉంటుంది, తిరుగుడు ఎక్కువగా రాత్రే. పులినో మనిషినో పసిగడితే పెద్దగా ఒక్క కూత పెడుతుంది. వేటగాళ్లు, అటవీ సిబ్బంది ఆ కూతను బట్టే మృగం జాడ తెలుసుకునేవారు.

మొరిగే జింక, నాలుగు కొమ్ముల జింక, మూషిక జింక కూడా ఈ అడవుల జంతువులే. వీటిలో నాలుగు కొమ్ములది నిజానికి జింక కాదు. దాని కొమ్ములు రాలవు. అడవిదున్న ఒకప్పుడు ఎంత విరివిగా ఉండేదంటే పాపికొండలను ఆంగ్లేయులు దాని పేరుతోనే పిలిచారు.

చరిత్ర

జింక వేట ఈ నేల కథల్లోనే ఉంది. దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల దగ్గరే సీత బంగారు లేడిని కోరిందనీ, రాముడు దాని వెంట వెళ్లాడనీ స్థలపురాణం చెబుతుంది. (చూ. పర్ణశాల)

కోయల వేట వ్యవసాయంతో, పండుగతో ముడిపడినది. వేసవి చివర విత్తనాల పండుగ, అంటే విజ్జ పండుం, భూమి పండుం రోజుల్లో మగవాళ్లు విల్లంబులు, బల్లేలు పట్టి, కుక్కలతో గుంపుగా అడవికి వెళ్తారు. ఊళ్లోని ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు కట్టి, వచ్చేపోయేవారిని ఆపి పండుగ డబ్బు అడుగుతారు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాళ్లకు ఎకసెక్కాలు తప్పవు. దొరికిన మాంసం గుమ్మాల లెక్కన పంచుకోవడం ఆచారం. ఏ ఇంటి బాణం తగిలిందన్నదాని కన్నా ఊరంతా తినడం ముఖ్యం. పండుగ నేటికీ నడుస్తోంది. చాలాచోట్ల వేట భాగం నామమాత్రంగా మారింది. పాపికొండల కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1945లో ప్రచురించిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' ఈ ప్రాంత ప్రజల పోడు, దుంపల సేకరణ, వేట జీవితానికి ప్రధానమైన రాతపూర్వక ఆధారం. (చూ. కోయలు; కొండరెడ్లు; పోడు వ్యవసాయం)

షికారు పాలకులతో వచ్చింది. ఎడమగట్టున 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో వేటను ప్రభుత్వ నిబంధనలకు లోబరిచింది. 1912లో బ్రిటిష్ ఇండియా అంతటికీ అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం వచ్చినా అది ప్రధానంగా వేట కాలాన్ని కట్టడి చేసిందే తప్ప వేటను ఆపలేదు. ఎలుగును ప్రభుత్వం చాలాకాలం ప్రమాదకర మృగాల పద్దులో రాసింది. బ్రిటిష్ ఇండియా ఏటేటా వేసిన లెక్కల్లో పులి, చిరుత, తోడేలుతో పాటు ఎలుగు వల్ల చనిపోయిన మనుషులు, చంపినందుకు ఇచ్చిన బహుమానాలు నమోదయ్యేవి. కుడిగట్టున నిజాం దొరతనం, దాని కింద పాల్వంచ వంటి సంస్థానాలు వేట హక్కును పరపతికి గుర్తుగా చూసుకున్నాయి. అడవిలో పుట్టి పెరిగినవాడు రిజర్వు గీత లోపల బాణం వేస్తే నేరం, పర్మిటు చేతబట్టుకుని వచ్చిన అతిథి రైఫిలు పేలిస్తే వినోదం అన్న తేడా ఈ కాలంలోనే స్థిరపడింది. అడవిపై ఇలాంటి ఆంక్షలు పెరగడం 1879 రంప తిరుగుబాటు నుంచి 1922–24 అల్లూరి సీతారామరాజు పోరాటం దాకా మన్యం అసంతృప్తికి ఉన్న కారణాల్లో ఒకటి.

వన్యమృగాలకు అసలైన గండం స్వాతంత్ర్యం తర్వాతి ఇరవై ఏళ్లలో వచ్చింది. పంట రక్షణ పేరుతో తుపాకి లైసెన్సులు పెరిగాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జీపులు చవకయ్యాయి. రాత్రిపూట జీపు మీద నుంచి సెర్చ్‌లైటు వేస్తే జింక కళ్లు మెరుస్తాయి, అది కదలక నిలబడిపోతుంది. పాత షికారులో ఉన్న కష్టం, పరిమితి రెండూ దీనితో పోయాయి. 1965లో భద్రాచలం దగ్గర గోదావరిపై వంతెన పూర్తయ్యాక నది అడ్డు కూడా తొలగింది. బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, కాగితపు మిల్లుకు వెదురు నరుకుడు, కొత్త రోడ్లు వీటికి తోడయ్యాయి.

వేట పద్ధతులు

తెలుగు ప్రాంతాల్లో పాత వేటకు పేర్లున్న పద్ధతులు చాలా ఉన్నాయి. మచ్చిక చేసిన జింకను ఎరగా నిలిపి అడవి జింకను రప్పించేది దీమపు వేట. తెరలు, వలలు కట్టి మృగాలను వాటివైపు తోలేది తెర వేట. షికారు రోజుల్లో ప్రధానమైనవి మూడు. మొదటిది తోలకం. గిరిజనులను వరుసగా నిలబెట్టి, డప్పులు, కేకలతో మృగాలను తుపాకి ఉన్న చోటికి తోలించేవారు. కూలీ కొద్దిగానే దక్కేది, ప్రమాదంలో పెద్ద వాటా తోలేవాళ్లదే. గాయపడిన ఎలుగు మొదట ఎదురయ్యేదీ వాళ్లకే. రెండోది నీటి గుంట దగ్గరో, పండిన ఇప్పచెట్టు దగ్గరో మంచె కట్టి కాపు కాయడం. మూడోది తెల్లవారుజామున గాలికి ఎదురుగా, చప్పుడు లేకుండా నడుస్తూ వెతకడం. జాడ పట్టే స్థానికుడు తోడు లేకుండా ఏ దొరా ఈ మూడో పని చేయలేకపోయాడు. వేట జ్ఞాపకాల పుస్తకాల్లో ఆ జాడగాళ్ల పేర్లు చాలా అరుదుగా కనిపిస్తాయి. ఈ సాహిత్యంలోని పెద్ద లోటు అదే.

బోల్ట్ యాక్షన్ రైఫిలు

తుపాకి ఇక్కడికి మెట్లు మెట్లుగా వచ్చింది. మొదట గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరి పేల్చే నాటు తుపాకి. దీన్ని బస్తర్ వైపు భర్మార్ అంటారు. తర్వాత వెనక నుంచి తూటా పెట్టే జోడు గొట్టాల తుపాకి. 1890ల నుంచి పొగరాని మందు, దానితో పాటే బోల్ట్ యాక్షన్ రైఫిలు వ్యాప్తిలోకి వచ్చాయి. జర్మనీ మౌజర్, ఆస్ట్రియా మాన్లిహర్, బ్రిటన్ లీ ఎన్‌ఫీల్డ్ ఈ రకానికి మూల నమూనాలు.

పనితీరు సూటిగా ఉంటుంది. గొట్టం వెనక తలుపు గడియ లాంటి ఉక్కు కడ్డీ ఉంటుంది, అదే బోల్టు. పిడి పైకెత్తి వెనక్కి లాగితే పేలిన తూటా డొల్ల బయటికి ఎగురుతుంది. ముందుకు నెడితే కింది మ్యాగజైన్‌లోని కొత్త తూటా గదిలోకి జారుతుంది. పిడి కిందికి దించితే బోల్టు చెవులు గాడుల్లో బిగుసుకుని గదికి తాళం పడుతుంది. మీట నొక్కగానే లోపలి సూది ముందుకు దూకి తూటా అడుగును కొడుతుంది. గొట్టం లోపలి మెలితిరిగిన గాడులు గుండును బొంగరంలా తిప్పడం వల్ల అది దారి తప్పకుండా పోతుంది. కదిలే భాగాలు తక్కువ కాబట్టి వాన, దుమ్ము ఉన్న అడవిలోనూ నమ్మకంగా పనిచేసేది. ప్రతి గుండు తర్వాత చేత్తో బోల్టు ఆడించాలి కాబట్టి జోడు గొట్టాల రైఫిలంత వేగంగా రెండో దెబ్బ వేయలేరు.

గొట్టం వ్యాసాన్ని బట్టి రైఫిళ్లను చిన్న, మధ్య, పెద్ద శ్రేణులుగా విడదీశారు. హద్దులు రచయితను బట్టి కొంత మారినా, సుమారు 0.318 నుంచి 0.400 అంగుళం వరకు మధ్యశ్రేణి అనడం వాడుక. 1905 నాటి 9.3 మిల్లీమీటర్ల జర్మన్ తూటా, 1910 నాటి 0.318 వెస్ట్‌లీ రిచర్డ్స్, 1912 నాటి 0.375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ దీనికి ఉదాహరణలు. చివరిదానిలో 300 గ్రెయిన్ల, అంటే సుమారు 19 గ్రాముల గుండు సెకనుకు 770 మీటర్ల వేగంతో వెలువడుతుంది. ఏనుగు, అడవిదున్నలకు పెద్ద శ్రేణి, చిన్న జింకలకు చిన్న శ్రేణి వాడినా, కణుజు, ఎలుగు, పులి ఒకే అడవిలో ఎదురయ్యే మధ్య భారతంలో ఒకే రైఫిలు మోయదలచినవాళ్లు మధ్యశ్రేణిని ఎంచుకున్నారు.

మన దేశంలో ఈ విషయానికి మరో మలుపు ఉంది. సైన్యం వాడే 0.303, జనం నోట త్రీనాట్‌త్రీ, పౌరుల చేతికి చిక్కకూడదని ప్రభుత్వం దాన్ని కట్టడి చేసింది. అందువల్ల పౌర లైసెన్సుదారులకు 0.315 అంగుళం, అంటే 8 మిల్లీమీటర్ల రైఫిలు ప్రధానమైంది. లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే ఐదు తూటాల మ్యాగజైన్‌తో దీన్ని ప్రభుత్వ ఇషాపూర్ కర్మాగారం తయారు చేసింది. సామాన్య లైసెన్సుదారుకు అందుబాటులో ఉన్న ప్రధాన స్వదేశీ రైఫిలుగా చాలాకాలం ఇదే చెలామణి అయింది.

ఆయుధ చట్టం

1878 ఆయుధ చట్టం స్థానంలో 1959 చట్టం వచ్చి 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. ఆత్మరక్షణకో ఆటకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న గాడులు లేని తుపాకిని, నిజమైన పంట రక్షణకు మూతి నుంచి మందు కూరే తుపాకిని అడిగినవారికి లైసెన్సు ఇవ్వడంలో చట్టం కొంత సడలింపు చూపింది. రైఫిలుకు తగిన కారణం చూపాలి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. నక్సలైటు ఉద్యమం బలంగా నడిచిన ఈ ప్రాంతంలో లైసెన్సులపై నిఘా మరింత ఎక్కువ. ఆయుధ లైసెన్సు ఉంటే వేటకు అనుమతి ఉన్నట్టు కాదు. ఈ రెండూ వేర్వేరు చట్టాలు. (చూ. ఆయుధ చట్టం, 1959)

వన్యప్రాణి చట్టం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట వేటను పూర్తిగా ఆపలేదు. కొన్ని జంతువులకు లైసెన్సు పద్ధతి ఉంచింది. 1991 సవరణ ఆ లైసెన్సులనే రద్దు చేసింది. చట్టంలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. పట్టడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తోలడం, ఎర వేయడం, ఇందులో దేనికి ప్రయత్నించినా అది వేటే. మినహాయింపులు కొద్ది. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన లేదా కోలుకోలేని జబ్బు చేసిన జంతువు విషయంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు రాతపూర్వకంగా కారణాలు చెప్పి అనుమతి ఇవ్వవచ్చు. ఎలుగు వంటి, చట్టం మొదటి షెడ్యూలులోని జంతువును పట్టి తరలించడం, మత్తు ఇవ్వడం సాధ్యం కాదని తేలాకే చంపడానికి వీలుంటుంది. ప్రాణరక్షణకు మంచి ఉద్దేశంతో చంపితే నేరం కాదు, అయితే ఆ సమయంలో ఆ వ్యక్తి చట్టవిరుద్ధమైన పనిలో ఉండకూడదు. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా ఉంటాయి. 2022 సవరణ ఆ జరిమానా కనీస మొత్తాన్ని 10,000 నుంచి 25,000 రూపాయలకు పెంచింది.

గిరిజనుల సంప్రదాయ వేటకు కూడా ఇక్కడ మినహాయింపు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సాగు, సేకరణ, ఇతర ఆచార హక్కులను గుర్తిస్తూనే వేటాడే, ఉచ్చు వేసే హక్కును స్పష్టంగా పక్కన పెట్టింది. మృగాల రక్షణకు ఇది అవసరమే. ఆ ఆంక్ష భారం మాత్రం, మృగాలను తరిగించడంలో అతి తక్కువ పాత్ర ఉన్నవారి మీదే ఎక్కువగా పడింది.

రక్షిత ప్రాంతాల్లో కిన్నెరసాని అభయారణ్యం 1977లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో 1,012 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానంగా మారాయి. ఎగువన ఏటూరునాగారం అభయారణ్యం 1950ల నాటిది. వీటిలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే నేరం. (చూ. కిన్నెరసాని; పాపికొండలు)

నేటి స్థితి

ఈ అడవుల్లో ఇప్పుడు రైఫిలు వేట పెద్ద సమస్య కాదు. సైకిలు బ్రేకు తీగతో చేసిన ఉచ్చు, చేను చుట్టూ దొంగతనంగా లాగిన కరెంటు తీగ, అడవి పందికి పెట్టిన నాటుబాంబు ఇవే మృగాలకు మృత్యువు. ఖర్చు తక్కువ, చప్పుడు లేదు, వేసినవాడు దగ్గర ఉండనక్కర్లేదు. పంది కోసం పెట్టినదానికి దుప్పి, ఎలుగు, పశువు, ఒక్కోసారి చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు బలవుతున్నారు. షికారుదారుడు కనీసం ఏ మృగాన్ని కొడుతున్నాడో చూసి కొట్టేవాడు. తీగకు ఆ ఎంపిక ఉండదు.

ఎలుగుతో మనిషికి తగాదా ప్రధానంగా మార్చి నుంచి మే దాకా. తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి, తర్వాత తునికాకు కోయడానికి జనం అడవికి వెళ్తారు. అదే చెట్టు కిందికి, అదే వేళకు ఎలుగూ వస్తుంది. గుంపుగా వెళ్లడం, మాట్లాడుకుంటూ చప్పుడు చేస్తూ నడవడం, పొదల్లోకి, రాతి సందుల్లోకి ఒంటరిగా దూరకపోవడం అనుభవం నేర్పిన జాగ్రత్తలు. అడవి చెదిరి, బస్తర్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల పోడు, పాత ఊళ్ల సాగు, రహదారులు పెరిగేకొద్దీ ఈ ఎదురుపాట్లు పెరిగే అవకాశం ఉంది. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం ఎలుగును, కణుజును హాని పొంచి ఉన్న జాతులుగా గుర్తించింది. చుక్కల దుప్పికి ప్రస్తుతానికి అంత ముప్పు లేదు.

అవశేషాలు, వాటి చట్టస్థితి

ఎలుగు పిత్తాశయం, గోళ్లు అక్రమ వ్యాపారంలో విలువైనవి. ఎలుగు వెంట్రుకను తాయెత్తులో పెట్టి పిల్లల మెడలో కడితే భయం పోతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో పాతది. ఎలుగు అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి దాని భాగాల వాణిజ్య రవాణా దేశాల మధ్య కూడా నిషిద్ధం. షికారు కాలం నాటి చర్మాలు, తలలు, కొమ్ములు పాత బంగళాల గోడలపై మిగిలే ఉన్నాయి. వాటిని ఉంచుకోవాలంటే యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. అది లేనివారు ప్రకటించుకోవడానికి కేంద్రం 2003లో 180 రోజుల గడువు ఇచ్చింది. ధ్రువపత్రం ఉన్నా వాటిని అమ్మే హక్కు రాదు. ఏటా రాలిపోయే దుప్పి, కణుజు కొమ్ములను అడవిలో ఏరుకుని అమ్మడం కూడా నేరమే.